ముప్ఫై ఒక్క వంకరలు

వంగిన కొవ్వొత్తిని ఎవరూ కొనరు. వెలుగులో తేడా ఉండదు, కాలే సేపులో తేడా ఉండదు. అయినా కొనేవాడి చెయ్యి పక్కనున్న తిన్నటిదాని మీదికే పోతుంది. మనిషి చీకటి పోగొట్టుకోవడానికి కొవ్వొత్తి కొంటాడనుకుంటే పొరపాటు. ముందు కంటికి నచ్చాలి, చీకటి తర్వాతి సంగతి. షావుకారుకి ఈ లెక్క వ్యాపారంలో దిగిన మొదటి వేసవిలోనే తెలిసింది.

వీధిలో అందరూ ఆయన్ని షావుకారనే పిలిచేవారు. అలాగని పెద్ద షావుకారేం కాదు. ముందు గది దుకాణం, వెనక గదిలో మైనం కరిగించే పొయ్యి, అచ్చులు, ఒత్తి నూలు కండెలు, పై అంతస్తులో కాపురం. తయారీ భార్యది, అమ్మకం ఆయనది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ రెండు పనులూ చేసి చూశారు. ఆయన పోసిన కొవ్వొత్తుల్లో ఒత్తి పక్కకి జరిగిపోయేది. ఆవిడ కొట్లో కూర్చుంటే అడగని లోపం కూడా చెప్పి వచ్చిన బేరాన్ని తిప్పి పంపేది. నెల తిరక్కుండా ఎవరి గదిలోకి వాళ్ళు సర్దుకున్నారు. అప్పట్నుంచీ ఆ పంపకంలో మార్పు లేదు, దాని మీద తగువూ లేదు.

దుకాణానికి పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ. వీధిలో పోయేవాళ్ళకి సరుకు కనబడాలని అందులో మూడు అరలు. వేసవి ముదిరి, మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి సూటిగా లోపలికొచ్చే రోజుల్లో ఆ అరల్లో కొవ్వొత్తులు నడుం వంచేవి. ఆ రోజులు రాకముందే అరలు ఖాళీ చేసెయ్యాలి. ఎంత లెక్కేసుకున్నా ఏటా కొన్ని దొరికిపోయేవి. వాటిని భార్య గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, చలువరాతి పలక మీద అరచేత్తో దొర్లించి తిన్నగా చేసేది. చేసినవాటిని డబ్బాల్లో మాత్రం పెట్టనిచ్చేది కాదు. విడిగా ఒక పళ్ళెంలో పేర్పించి, "ఇవి ఒకసారి వంగినవి, ఎండ తగలనీయకండి" అని చెప్పి మరీ అమ్మించేది. ఒకసారి వంగిన మైనం రెండోసారి తొందరగా వంగుతుంది, అదీ ముందు వంగిన చోటే. చెప్పి అమ్మిన లోపం తిరిగి రాదు. చెప్పకుండా అమ్మింది మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నిలబడుతుంది.

ఏటా ఒక్కదాన్ని మాత్రం షావుకారు ఆవిడ చేతికి ఇచ్చేవాడు కాదు. మధ్య అర, ఎడమ నుంచి మూడోది, జానెడు తెల్ల కొవ్వొత్తి. మిగతావన్నీ లోపలికి పోయినా అది కిటికీలోనే ఉండేది. అది వంగిన రోజున మేకుతో దాని మొదలు దగ్గర ఏడాదీ తేదీ గీసి, వెనక గదిలో పొయ్యికి దూరంగా, చల్లటి మూల, చిల్లుల చెక్కలో నిలబెట్టేవాడు. మొదట్లో అది కేవలం వ్యాపారం. ఫలానా తేదీకి వంగింది అని తెలిస్తే, వచ్చే ఏడు ఆ తేదీకి వారం ముందే అరలు ఖాళీ చేసుకోవచ్చు. కాగితం మీద రాస్తే పోతుంది, మైనం మీద గీస్తే పోదు. అయితే స్థలం మార్చకూడదు, కొలత మార్చకూడదు, మైనం పాళ్ళు మార్చకూడదు. ఏటికో రాయి వేసి తూచేదాన్ని తూకమని ఎవరంటారు?

అలా ముప్ఫై ఒకటి పోగయ్యాయి. మొదటి దాని మీద మే పదకొండు. నిరుటి దాని మీద ఏప్రిల్ ఎనిమిది. మధ్యలో ఒక ఏడు ఆలస్యంగా, ఒక ఏడు తొందరగా ఊగిసలాడినా, మొత్తం మీద తేదీలన్నీ జనవరి వైపే జరుగుతూ వచ్చాయి. షావుకారు ఆ సంగతి పదేళ్ళ కిందటే గమనించాడు. వర్తక సంఘం మీటింగులో లేచి, ఎండలు ముందుకొస్తున్నాయి, నా దగ్గర సాక్ష్యం ఉంది అన్నాడు. "నీ సరుకు మెత్తబడి ఉంటుందిలే" అని ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన సరుకుని ఇంకొకరి తక్కెడలో పెట్టి, 'సరిగ్గానే ఉంది' అనిపించుకోవాలని ఉండేది.

పక్క కొట్టు తాళాలాయన అయితే వెనక గదిలోకి వచ్చినప్పుడల్లా వదిలేవాడు కాదు. చుట్టమేం కాదు గానీ, వరస కలుపుకుని బావా అంటాడు.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నీ సరుకేంటి బావా, పుట్టీ పుట్టగానే వంగుతుంది?"

"అణకువ గల సరుకు. నీ తాళాల్లాగా బిగుసుకుపోదు."

"బిగుసుకోకపోతే దాన్ని తాళం అనరు బావా."

మార్చి మొదటివారంలో బడి డ్రాయింగ్ టీచరు ముడి మైనం కోసం వచ్చింది. మైనం తూచేది వెనక గదిలో. షావుకారు తక్కెడ సరిచేస్తుంటే ఆవిడ మూల వైపు చూసింది.

"ఇవేంటి బాబాయ్‌గారూ, అన్నీ ఒకే పక్కకి వంగున్నాయి? ఎవరో చెప్పేది వింటున్నట్టు."

ఆయన చెప్పాడు. ఎవరికి చెప్పినా నవ్వుతారని రెండు ముక్కల్లో ముగించబోయాడు. ఆవిడ నవ్వలేదు. వంగి, ఒక్కొక్క తేదీ చదువుకుంటూ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివింది. మైనం తూచడం పూర్తయి, పొట్లం కట్టడం కూడా అయిపోయింది.

"మేం పాత మార్కెట్ హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నాం. వాతావరణం మారిపోతోంది కదా, దాని మీద. నెల రోజులుంటుంది. బొమ్మలేసేవాళ్ళే ఇవ్వాలని లేదు, ఎవరి ఇంట్లో, ఎవరి పనిలో ఏముంటే అది తేవచ్చు. మీరు ఇవి ఇవ్వండి."

"ఇస్తే నాకేంటి లాభం?"

"గోడ మీద పేరుంటుంది."

"పేరు కొట్టు బోర్డు మీద ఉందిగా తల్లీ."

"అది మీరు రాయించుకున్నది బాబాయ్‌గారూ. ఇది మేం రాస్తాం."

ఆ మాట అంటూనే ఆవిడ సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. శనివారం సాయంత్రం ఐదు లోపు వస్తువు, ఫారం రెండూ హాలుకి చేరాలి. ఒక్కటే షరతు. ఇది ఉమ్మడి ప్రదర్శన కాబట్టి ప్రతి వస్తువు మీదా కనీసం రెండు జతల చేతులు పడి ఉండాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి.

"అదెందుకు?"

"ఈ ఎండని ఏ ఒక్కరూ పెంచలేదు, ఏ ఒక్కరూ తగ్గించలేరు. అందుకని."

ఆవిడ వెళ్ళాక షావుకారు ఫారం మడిచి గల్లాపెట్టెలో పెట్టాడు. మధ్యాహ్నం లోపు నాలుగుసార్లు తీసి చదివాడు. బేరం బాగుందా లేదా అని ఒక మనిషి నాలుగుసార్లు ఆలోచించాడంటే, అప్పటికే ఒప్పేసుకున్నాడని అర్థం. కొట్టుకొచ్చేవాళ్ళలో ఆ సంగతి ఆయన రోజూ చూసేదే.

గురువారం భోజనాలయ్యాక ఫారం తీసి భార్య ముందు పెట్టాడు.

"ఇక్కడో సంతకం పెట్టు."

"దేనికి?"

"ఎగ్జిబిషన్‌కి. మూలనున్న ముప్ఫై ఒకటీ పంపుతున్నా. ఇద్దరు చేసినట్టు ఉండాలిట."

"నేనేం చేశానని?"

"పోసింది నువ్వేగా."

"నేను పోసింది అమ్మడానికి. ఎగ్జిబిషన్‌కి కాదు."

"అబ్బ, సంతకానికి కూడా బేరమేంటే? పెట్టు."

"తూచకుండా పొట్లం కట్టకూడదని మీరే అంటారు. చెయ్యని పనికి సంతకం మాత్రం పెట్టొచ్చా?"

షావుకారు తల గోక్కున్నాడు. ఆవిడ ఆయన మొహం చూసింది. ఎందుకోగానీ ఆయన ఈ ఫారాన్ని ఇస్త్రీ చొక్కాలా పట్టుకుంటున్నాడు. అది చూసి కలం అందుకుంది.

"సరే, పెడుతున్నా. పెట్టాక అందులో నా పని నేను చేస్తాను, మాట ఇస్తున్నా."

బేరం కుదిరాక ఇంకో మాట మాట్లాడకూడదన్నది షావుకారు పాటించే నియమం. మాట్లాడితే అవతలివాడు మనసు మార్చుకుంటాడు. అందుకని ఆ మాటకి అర్థమేంటని అడగకుండా ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వ్యాపారంలో ఎన్నోసార్లు గట్టెక్కించిన నియమం, ఆ రోజు ఆయన్నే ముంచింది.

శుక్రవారం మధ్యాహ్నం పెట్టె కోసం బయల్దేరాడు. కొవ్వొత్తులు విరక్కుండా ఉండాలంటే గాజు సామాన్ల కొట్లో దొరికే గడ్డి పరిచిన పెట్టె కావాలి. పావుగంట పని. కానీ దారిలో బట్టల కొట్టు, మందుల కొట్టు, చెప్పుల కొట్టు ఉన్నాయి. ఎవరూ అడక్కపోయినా, పెట్టె ఎందుకో అందరికీ చెప్పుకుంటూ వెళ్ళాడు, చెప్పుకుంటూ వచ్చాడు. తిరిగి వీధి మొగలోకి వచ్చేసరికి మూడు దాటింది.

తాళాలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, కొట్టు కట్టేశారా? చెల్లెమ్మ తలుపేసుకుని లోపల ఏదో తెగ దొర్లిస్తోంది. చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది."

ఆ చప్పుడు ఏమిటో షావుకారుకి తెలుసు. పెట్టెని తాళాలాయన చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తాడు.

వెనక గదిలో చలువరాతి పలక మీద పరిచిన తెల్ల గుడ్డ పైన ముప్ఫై కొవ్వొత్తులు వరసగా పడుకుని ఉన్నాయి. అన్నీ తిన్నగా ఉన్నాయి. దుమ్ము వదిలి, మెరుపు వచ్చి, అచ్చులోంచి అప్పుడే తీసినట్టున్నాయి. భార్య ఆఖరిదాన్ని చన్నీళ్ళలోంచి తీసి కొంగుతో అద్దుతోంది.

"తేదీలు చెరగలేదు, భయపడకండి," అంది. "మొదలు తడవకుండా పట్టుకుని చేశాను. పాతవి ఎంత మొండిగా ఉన్నాయో. ఆ మొదటి నాలుగూ గంట నానితే గానీ లొంగలేదు. నలుగురూ చూసే చోటికి వంకర సరుకు పంపుతామా మరి?"

షావుకారు మైనం బస్తా మీద కూలబడ్డాడు. ఆవిడ చేతిలోని కొవ్వొత్తి కింద పెట్టింది.

"ఏమైంది?"

"వాళ్ళు అడిగింది ఆ వంకరే."

"వంకరా?"

"ఎండ ఎప్పుడు వంచిందో చూపించడానికే. అది తీసేశాక ఇంకేముంది చూడ్డానికి? కొవ్వొత్తులే ఉన్నాయి."

ఆవిడ పలక మీది వరస చూసింది, ఆయన్ని చూసింది. మొహం కొంచెం కందింది. అయినా ఆవిడ ఓడిపోయే మనిషి కాదు.

"ఆ మాట సంతకం పెట్టించేటప్పుడు చెప్పొద్దూ? ఇద్దరు చెయ్యాలన్నారు. నాకు చేతనైంది ఇదే. ఇన్నేళ్ళుగా వంగినదాన్ని నా దగ్గరికి పంపి తిన్నగా చెయ్యమన్నారు గానీ, ఇవి మాత్రం వద్దని ఒక్కసారైనా చెప్పారా?"

చెప్పలేదు. ఎంత వెతికినా ఆ మాట ఎప్పుడూ చెప్పినట్టు గుర్తు రాలేదు. సరుకు సంగతి చెప్పకుండా అమ్మినవాడిదే నష్టం, అది తన నియమమే. కాబట్టి కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. కోపానికి చోటు దొరక్కపోతే మనిషి తెలివితక్కువ పనులు చేస్తాడు. షావుకారు లేచి, పొయ్యి వెలిగించి, పదిహేనో కొవ్వొత్తిని తీసి సెగకి పట్టాడు.

అది వంగింది. కానీ ఎండ వంచినట్టు కాదు. ఎండ వంచితే కొవ్వొత్తి నడుం దగ్గర మెల్లగా ఒరుగుతుంది, పెద్దవాళ్ళ మాటకి తల ఒగ్గినట్టు. పొయ్యి వంచితే మోకాలి దగ్గర మడతపడుతుంది. పైగా ఒక పక్క నల్లటి మసి.

భార్య చెయ్యి చాపింది. ఆయన కొవ్వొత్తి ఆ చేతిలో పెట్టి పొయ్యి ఆర్పేశాడు.

"ఇంకోటి కూడా సెగకి పట్టి ఉంటే, తక్కెడలో దొంగరాయి వేసి తూచినట్టే," అన్నాడు.

"పట్టలేదుగా," అంది ఆవిడ. మసి తుడిచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ దొర్లించడం మొదలుపెట్టింది. దొర్లిస్తూ, అలవాటు కొద్దీ, కొనేవాళ్ళకి చెప్పమని ఏటా ఆయనకి చెప్పినట్టే అంది, "ఏమైనా ఇది పళ్ళెం సరుకు. ఎండ తగలనీయొద్దని వాళ్ళకి చెప్పి మరీ ఇవ్వండి."

షావుకారు ఆవిడ వైపు తిరిగాడు. ముందు కళ్ళలో, తర్వాత మీసంలో, ఆ తర్వాత మొహమంతా ఏదో కదిలింది. మంచి బేరం తలుపు తట్టినప్పుడు ఆయన మొహం అలాగే ఉంటుందని ఆవిడకి తెలుసు.

"తగలనీయండనే చెప్తాను," అన్నాడు.

శనివారం మూడింటికి ఇద్దరూ పాత మార్కెట్ హాలుకి వెళ్ళారు. పెట్టె ఆయన మొయ్యబోతే ఆవిడ ఇవ్వలేదు, దారిలో మళ్ళీ ఎవరికో చెప్పుకుంటూ నిలబడతారని. హాలు నిండా జనం, నిచ్చెనలు, మేకులు. ఒకాయన ఎండిపోయిన బావి అడుగుమట్టిని సీసాల్లో నింపి తెచ్చాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు రోజుకో వరస చొప్పున, ఆ రోజు వేడిని బట్టి రంగు మార్చి అల్లిన పొడవాటి దుప్పటి విప్పుతున్నారు. డ్రాయింగ్ టీచరు పరుగున వచ్చి పెట్టె మూత తీసింది.

"బాబాయ్‌గారూ, ఇవి తిన్నగా ఉన్నాయేంటి?"

"మీ పిన్నిగారి చెయ్యి పడింది. రెండో చెయ్యి కావాలన్నారుగా."

భార్య మోచేత్తో పొడిచింది. అప్పుడు ఆయన జరిగినదంతా చెప్పాడు. ఫారం సంగతి, సంతకం సంగతి, పళ్ళెం సరుకు సంగతి. పొయ్యి సంగతి మాత్రం చెప్పలేదు. దాని అవసరం ఏముందనిపించింది. పదిహేనోది మిగతావాటితో సమానంగా మెరుస్తూనే ఉంది.

"అంటే ఇవి మళ్ళీ వంగుతాయా?"

"వంగాలి. ఎక్కడ వంగాయో అక్కడే. మైనానికి మతిమరుపు లేదు తల్లీ."

"వంగకపోతే?"

షావుకారు మనసులో లెక్క వేసుకున్నాడు. నెలంతా తిన్నగా నిలబడితే, వర్తక సంఘం నవ్విన నవ్వు ఈసారి ఊరంతా నవ్వుతుంది. పైగా గోడ మీద పేరు కూడా ఉంటుంది.

"వంగకపోతే ముప్ఫై ఒక్క మంచి కొవ్వొత్తులు మీకు మిగులుతాయి," అన్నాడు.

టీచరు నవ్వింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది, ఇన్నేళ్ళలో ఎవరూ అడగనిది. ఎదుట కొత్త మేడేదైనా లేచిందా, కిటికీ అద్దం మార్చారా, నీడనిచ్చేది ఏదైనా తీసేశారా అని. ఎవరైనా తన తక్కెడని పట్టి చూడాలని ఇన్నాళ్ళూ ఎదురుచూసినవాడికి ఆ ప్రశ్న ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"అద్దం అదే, అర అదే, ఎదురుగా ఉన్నదీ అదే. అయినా ఒక్క కిటికీ లెక్క ఒక్క కిటికీ లెక్కే తల్లీ. లోకం లెక్క పెద్ద తక్కెడలున్నవాళ్ళు చెప్పాలి. నాది చిన్న తూకం. కాకపోతే రాయి మార్చలేదు."

ఇక స్థలం. పడమటి కిటికీ గట్టు ఖాళీగా ఉందని ఆయన వచ్చీ రాగానే చూసుకున్నాడు. చూసి, కావలసిన సరుకు మీద ఆశ బయటపెట్టకూడదన్న బేరగాడి అలవాటు కొద్దీ, తూర్పు గోడ వైపు నడిచి, అక్కడ బొమ్మలు పెడుతున్నవాళ్ళ మధ్య ఇరుకుగా నిలబడ్డాడు.

"ఇక్కడ పెట్టుకోమా?"

"అక్కడ నిండిపోయింది బాబాయ్‌గారూ. పడమటి కిటికీ ఒక్కటే ఉంది. రంగులు వెలిసిపోతాయని ఎవరూ తీసుకోలేదు."

"ప్చ్. ఎండ పడుతుందేమో కదూ అక్కడ?"

"మూడు దాటితే బాగా పడుతుంది."

"ఏం చేస్తాం. సర్దుకుంటాంలే."

భార్య మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

ఫారంలో ఆఖరి గడి మిగిలింది, ఎవరు ఏం చేశారో రాయమని. షావుకారు చెప్తుంటే టీచరు రాసింది. పోసింది, తిన్నగా చేసింది భార్య. వంచింది ఎండ. తేదీలు గీసింది దుకాణదారు. ఎండ సంతకం ఎక్కడ పెట్టించాలో మీరే చూసుకోండి అన్నాడు ఆయన.

మార్చి ఆఖరి వారంలో ప్రదర్శన తెరిచారు. మొదటి రోజుల్లో పడమటి కిటికీ దగ్గర ఎవరూ ఆగలేదు. కిటికీలో కొవ్వొత్తులు చూడ్డానికి హాలు దాకా రావడమెందుకు, కొట్టు ముందు నిలబడితే చాలదూ? తాళాలాయన అదే మాట పైకి అన్నాడు. షావుకారు రోజూ మూడింటికి కొట్టు భార్యకి వదిలి, హాలుకి వెళ్ళి, బెంచీ మీద కూర్చునేవాడు. వారం గడిచింది, ఏదీ కదల్లేదు. ఆకాశం కూడా రెండు రోజులు మబ్బు పట్టి కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఆయన ఎండ కోసం ఎదురుచూశాడు. ఎదురుచూస్తున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. తన మాట నెగ్గడం కోసం ఊరంతా మాడాలా అనిపించింది. ఆ రెండు కోరికల్లో ఏది బరువో తూచబోయి, తూచలేక, మానేశాడు.

ఏప్రిల్ మూడున ఇరవై రెండోది ఒరిగింది. వెంట్రుకవాసి. ఆయన తప్ప ఎవరూ గమనించలేదు. నాలుగో తేదీన ఇంకో అయిదు కొవ్వొత్తులు. ఐదో తేదీన ఇంకెన్నో. వంగుతున్నకొద్దీ ఒక్కొక్కటీ తన పాత వంపునే వెతుక్కుంది, ఎవరి పడక వాళ్ళు వెతుక్కున్నట్టు. జనం ఆగడం మొదలుపెట్టారు. అంతకుముందు చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చారు. తేదీలు పైకి చదువుతూ, తాము పుట్టిన ఏడు, పెళ్ళైన ఏడు వెతుక్కుంటూ కొసదాకా నడిచి, అక్కడ నిలబడిపోతున్నారు. వర్తక సంఘం అధ్యక్షుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని రెండుసార్లు ఆ వరస వెంట నడిచి, "సరిగ్గానే ఉంది షావుకారూ," అన్నాడు.

ఆ మాట కోసం పదేళ్ళు ఆగాడు. తీరా వచ్చాక ఆయన చూపు దాని మీద నిలవలేదు. పదిహేనోది మోకాలి దగ్గర మడతపడుతోంది. ముప్ఫై ఒకటిలో అదొక్కటే, మోకరిల్లినట్టు. మైనానికి మతిమరుపు లేదు.

ఆరో తేదీన భార్యని కూడా తీసుకెళ్ళాడు. కొట్టుకి పొద్దున్నే తాళం వేశారు. ఆవిడ వరస మొత్తం చూసుకుంటూ వచ్చి, పదిహేనో దాని దగ్గర ఆగింది.

"నిజం నిలకడ మీద తెలుస్తుంది," అంది.

"ఎవరికి తెలుస్తుంది? నీకూ నాకూ తప్ప."

"అయితే సగం ఊరికి తెలిసినట్టే. మీ నోరు ఆగుతుందా?"

ఆయన టీచరుని అడిగి ఒక చీటీ తీసుకున్నాడు. 'ఇది ఎండ పని కాదు. నేను పొయ్యి మీద వంచాను. దీన్ని లెక్కలోంచి తీసెయ్యండి' అని రాసి పదిహేనో దాని కింద పెట్టాడు. పెట్టాక తేలిగ్గా అనిపించింది. విచిత్రమేంటంటే, ఆ సాయంత్రం అన్నిటికన్నా ఎక్కువమంది ఆగింది ఆ చీటీ దగ్గరే. చదివి నవ్వి, మిగతా ముప్ఫైనీ ఇంకాస్త దగ్గరికి వంగి చూశారు. ఒక లోపం చెప్పినవాడి మిగతా సరుకుని జనం నమ్ముతారు. ఇన్నేళ్ళుగా భార్య పళ్ళెం చేతికిస్తూ తనకి చెప్పిన వ్యాపారం ఇదేనని షావుకారుకి అప్పుడు తట్టింది.

భార్య మాత్రం రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

"ఏంటే, చలేస్తోందా?"

"చేతులు ఊరుకోవట్లేదు. ఇన్ని వంకరలు ఒకేచోట చూస్తుంటే నాకేదోలా ఉంది. పదండి ఇంటికి."

పొద్దు వాలే వేళకి వీధిలోకి వచ్చారు. తాళాలాయన కొట్టు మూస్తూ, వాళ్ళని చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆయన ఏదైనా మాట మింగాడంటే అది పెద్దదే అయి ఉండాలి. షావుకారు తన కిటికీ వైపు తిరిగాడు.

మూడు అరల నిండా కొవ్వొత్తులు. అన్నీ, ఒక్కటి మిగలకుండా, వీధి వైపు నడుం వంచి నిలబడ్డాయి, ఇంటివాళ్ళకి స్వాగతం చెప్తున్నట్టు. నిరుడు ఏప్రిల్ ఎనిమిది. దానికి వారం ముందు అరలు ఖాళీ చెయ్యాలి. ముప్ఫై ఒక్క కొవ్వొత్తులూ ఆయన దాచింది ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవడానికే. ఈ ఏడు వాటిని ఊరందరికీ చూపించే హడావిడిలో అదే మర్చిపోయాడు.

"బావా, నేను నవ్వట్లేదు," అన్నాడు తాళాలాయన.

"నవ్వు. నేనే నవ్వుతున్నా."

తలుపు తీసి లోపలికి వెళ్ళారు. మధ్య అరలో మూడోదాన్ని షావుకారు రెండు వేళ్ళతో తీశాడు. నిన్న సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు అది తిన్నగానే ఉందని భార్య ఖాయంగా చెప్పింది. అయితే ఏప్రిల్ ఆరు. ఆయన మేకు తీసి, ఒక క్షణం ఆలోచించి, దాన్ని ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా గీసింది. గీసి, కొవ్వొత్తిని వెలుగుకి పట్టి చూసి, అరచెయ్యి దాని నడుం మీదికి పోబోతే ఆపుకుంది.

"దీన్ని ముట్టుకోకూడదు. అంతేనా?"

"అంతే."

"ఆ మాట ముందే చెప్తే ఎంత బావుండేది."

చిల్లుల చెక్క ఖాళీగా ఉంది. ముప్ఫై ఒక్క చిల్లులు వదిలి, ముప్ఫై రెండోదాంట్లో దాన్ని నిలబెట్టింది. తర్వాత గంగాళంలో నీళ్ళు పెట్టి, కిటికీలోని కొవ్వొత్తులన్నిటినీ బుట్టలో వేసుకుని వచ్చింది. రెండు వందలకి పైగానే ఉన్నాయి. షావుకారు చొక్కా చేతులు మడిచి, పలకకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. పెళ్ళైన కొత్తలో తప్ప ఆయన ఆ వైపు కూర్చున్నది లేదు.

"చేతనవుతుందా?"

"చూపించు."

ఆవిడ చూపించింది. ఆయన దొర్లించాడు. ఆవిడ దాన్ని తీసుకుని, ఒక కన్ను మూసి, ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

"ఇది పళ్ళెంలోకి కూడా పనికిరాదు," అంది. అని, తను చేసినవాటి పక్కనే పెట్టింది.